లెవీ దిగిపోయారు సరే, స్పర్స్‌లో ఇప్పుడు పెత్తనం ఎవరిది?

హరిణి (ప్రశ్న)

నమస్కారం. నేను ఫుట్‌బాల్‌కు కొత్తదాన్ని. లండన్ వచ్చాక సన్ హ్యూంగ్-మిన్ ఆట చూసి టాటెన్‌హామ్ హాట్‌స్పర్ (స్పర్స్) పక్షం చేరాను. 2025 ఆగస్టులో ఆయన అమెరికా క్లబ్బుకు వెళ్ళిపోయారు. నేను మాత్రం స్పర్స్ దగ్గరే ఉండిపోయాను.

నాతో పనిచేసేవాళ్ళలో ఇద్దరు స్పర్స్ అభిమానులున్నారు. సెప్టెంబర్ 4న డేనియల్ లెవీ ఛైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారన్న వార్త రాగానే ఒకాయన అందరికీ మిఠాయిలు పంచినంత పని చేశారు. రెండో ఆవిడ "ఆ స్టేడియం మీ తాత కట్టించాడా?" అని ఆయన మీద విరుచుకుపడింది. నేను ఇద్దరి మధ్యా తెల్లముఖం వేసుకుని నిలబడ్డాను.

నాకు అర్థం కానిది ఇది. మే నెలలో బిల్బావ్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఓడించి యూరోపా లీగ్ గెలిచాం. 2008 తరువాత వచ్చిన మొదటి కప్పు అది. జూన్ మొదటి వారంలోనే కోచ్ ఆంజ్ పోస్టికోగ్లూను పంపేశారు. మూడు నెలలు తిరగకుండా ఛైర్మన్ కూడా పోయారు. గెలిచాక ఇంటికి పంపడమేమిటి? ఇప్పుడు సీఈఓగా వినయ్ వెంకటేశం ఉన్నారు, నాన్-ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా పీటర్ చారింగ్టన్ వచ్చారు. వెంకటేశం గారి పేరు చూసి మన వాట్సాప్ గుంపుల్లో అభినందనలు తెగ తిరుగుతున్నాయి గానీ, ఆయన చేసే పని ఏమిటో ఒక్కరూ చెప్పలేదు. అసలు నిర్ణయాలు తీసుకునేది ఎవరు? నాలాంటివాళ్ళకు ఏమైనా మారుతుందా? తెలిసినవారు కాస్త విడమరిచి చెప్పండి.

శేషు

కోచ్ సంగతి వరకు నేను చెప్తాను. యూరోపా లీగ్ గెలిచిన అదే ఏడాది ప్రీమియర్ లీగ్‌లో 38 ఆటల్లో 22 ఓడి, 38 పాయింట్లతో 17వ స్థానంలో నిలిచాం. దాని కింద ఉన్నవి కింది లీగ్‌కు దిగజారిపోయే మూడు స్థానాలే. ఒక చేత్తో కప్పు, ఇంకో చేత్తో ఆ పట్టిక పట్టుకుని ఆయన అడకత్తెరలో చిక్కుకున్నారు. నేనైతే ఇంకో ఏడాది ఇచ్చి ఉండేవాణ్ణి. ఆ గొడవ మళ్ళీ ఇక్కడ లేవదీయకండి. ఛైర్మన్ గురించి రామం గారు రాస్తే బాగుంటుంది.

రామం

పిలిచారు కాబట్టి రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిక ఉన్నవారే చదవండి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఇతరుల పద్దులు చూశాను. విరమించాక ఫుట్‌బాల్ క్లబ్బుల పద్దులు చదవడం వ్యసనమైంది.

హరిణి గారూ, మీ దగ్గర గొడవపడిన ఇద్దరి మాటా నిజమే. అందుకే ఆ గొడవ ఇన్నేళ్ళుగా తెగలేదు.

ఈ క్లబ్బులో వ్యాపారం లెవీతో మొదలైందని చాలామంది అనుకుంటారు. కాదు. 1882లో క్రికెట్ ఆడుకునే బడిపిల్లలు చలికాలంలో ఊరికే ఉండలేక పెట్టుకున్న క్లబ్బు ఇది. 1901లో ఫుట్‌బాల్ లీగ్‌లో సభ్యత్వం కూడా లేకుండా ఎఫ్‌ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) కప్ గెలిచింది. 1961లో లీగునూ కప్పునూ ఒకే ఏడు గెలిచింది. ఇరవయ్యో శతాబ్దంలో ఆ పని చేసిన మొదటి క్లబ్బు ఇదే. 1963లో యూరప్ ట్రోఫీ తెచ్చిన మొదటి బ్రిటిష్ క్లబ్బు కూడా ఇదే. అంతటి క్లబ్బును 1983లో ఇర్వింగ్ స్కాలర్ హయాంలో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజీకి ఎక్కించారు. అంతకుముందు ఏ ఫుట్‌బాల్ క్లబ్బూ ఆ పని చేయలేదు.

అది చేసిన తీరు ముచ్చటగా ఉంటుంది. క్లబ్బు డైరెక్టర్లు జీతం పుచ్చుకోకూడదని, వాటాదారులకు పంచే లాభానికి పరిమితి ఉండాలని ఎఫ్‌ఏ నిబంధనావళిలో 34వ నియమం ఉండేది. క్లబ్బు ఎవరికీ పాడి ఆవు కాకూడదన్నది దాని ఉద్దేశం. స్కాలర్ బృందం ఆ నియమం జోలికే వెళ్ళలేదు. క్లబ్బు పైన ఒక హోల్డింగ్ కంపెనీ పెట్టి, క్లబ్బును దాని అనుబంధ సంస్థగా మార్చి, పైకంపెనీ వాటాలను జనానికి అమ్మింది. నియమం క్లబ్బుకే గానీ పైకంపెనీకి కాదు కదా! తరువాత తరువాత మిగతా క్లబ్బులు కూడా అదే దారి పట్టాయి. స్పర్స్ మాత్రం వచ్చిన డబ్బుతో క్రీడాదుస్తుల వ్యాపారంలాంటివాటిలో వేలు పెట్టి చేతులు కాల్చుకుంది. 1991 నాటికి అప్పు పీకల మీదికి వచ్చింది. వ్యాపారి అలన్ షుగర్, కోచ్ టెర్రీ వెనబుల్స్ కలిసి క్లబ్బును కొన్నారు. తార ఆటగాడు పాల్ గాస్కోయిన్‌ను ఇటలీలోని లాజియోకు అమ్ముకోవలసి వచ్చింది.

షుగర్ దగ్గర నుంచి కొన్నది ఎనిక్ అనే పెట్టుబడి సంస్థ. 2001 నుంచి 2025 దాకా లెవీ ఛైర్మన్. అప్పు పుచ్చుకున్న ఇంట్లో పెరిగిన పిల్లవాడిలా ఆయన ప్రతి పౌనునూ రెండుసార్లు లెక్కపెట్టేవారు. అది ఆయన గుణం, అదే ఆయన దోషం.

గుణం ఎలాంటిదో తెలియాలంటే స్టేడియం చూడాలి. పాత వైట్ హార్ట్ లేన్‌లో పట్టింది 36 వేల మంది. 2019 ఏప్రిల్‌లో తెరిచిన కొత్తదానిలో 62,850 మంది. గడ్డి మైదానం మూడు ముక్కలుగా విడిపోయి దక్షిణపు స్టాండ్ కిందికి జరిగిపోతుంది. దాని అడుగున అమెరికన్ ఫుట్‌బాల్ కోసం వేరే మైదానం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బీరు పోసే పద్ధతి చూశారా? గ్లాసు అడుగున అయస్కాంతపు మూత ఉంటుంది. గొట్టం మీద నొక్కగానే అది లేస్తుంది, బీరు కిందినుంచి పైకి నిండుతుంది, గ్లాసు తీయగానే మూత పడిపోతుంది. విరామం పదిహేను నిమిషాలే కాబట్టి, వరుసలో ఒక్కొక్కరి దగ్గర మిగిలే సెకన్లను కూడా డబ్బుగా మార్చిన బుర్ర అది. బియాన్సే కచేరీలు, ఆంథోనీ జాషువా బాక్సింగ్, ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) ఆటలు అన్నీ అక్కడే. స్టేడియానికి అయిన ఖర్చు వంద కోట్ల పౌన్లకు అటూ ఇటూ. అప్పు పెద్దదే. అయితే చాలా భాగాన్ని దశాబ్దాల గడువుతో, 3 శాతం లోపు స్థిర వడ్డీకి ముందే కట్టేసుకున్నారు. ఈనాటి వడ్డీలు చూసినవారు ఎవరైనా ఆ పనికి దండం పెట్టాల్సిందే.

ఇక దోషం. 2023-24లో క్లబ్బు ఆదాయం 528 మిలియన్ పౌన్లు. అందులో జీతాలకు పోయింది సుమారు 42 శాతం. ప్రీమియర్ లీగ్‌లో అతి తక్కువ వాటాల్లో అదొకటి. ఖాతాలు చూసేవాడిగా ఆ అంకె చూస్తే నాకు ముద్దొస్తుంది, స్టాండులో కూర్చునేవాడిగా చూస్తే ఒళ్ళు మండుతుంది. జీతాల పద్దుకూ పట్టికలో స్థానానికీ దగ్గరి చుట్టరికం ఉందని ఇంగ్లండ్‌లో అందరికీ తెలుసు. జట్టు మంచి ఊపులో ఉన్న 2018 వేసవిలో ఒక్క ఆటగాణ్ణి కూడా కొనలేదు. అదే జట్టు మరుసటి ఏడు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దాకా వెళ్ళి లివర్‌పూల్ చేతిలో ఓడింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు దాన్ని పునర్నిర్మించడంతోనే సరిపోయింది. 2021లో లీగ్ కప్ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు కోచ్ మొరిన్యోను తీసేశారు. 2023లో జట్టుకు గోల్స్ కొట్టిపెట్టే హ్యారీ కేన్‌ను జర్మనీలోని బయెర్న్‌కు అమ్మారు. ధర బాగానే వచ్చింది. ధర ఎప్పుడూ బాగానే వస్తుంది.

ఇప్పుడు మీ ప్రశ్న. లెవీ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా ఉండేవారు. అంటే బోర్డుకు అధ్యక్షత వహించేదీ ఆయనే, రోజువారీ నడిపేదీ ఆయనే, ఆటగాళ్ళ బేరాల్లో అర్ధరాత్రి దాకా ఫోను పట్టుకు కూర్చునేదీ ఆయనే. ఆ పనిని ఇప్పుడు ముక్కలు చేశారు. చారింగ్టన్ బోర్డును చూస్తారు, రోజువారీ వ్యవహారాల్లో దిగరు. ఆయన ప్రైవేటు బ్యాంకింగ్ నుంచి వచ్చినవారు. క్లబ్బును నడిపేది వెంకటేశం. ఆటగాళ్ళ ఎంపిక స్పోర్టింగ్ డైరెక్టర్ల పని: యోహాన్ లాంగె ఉండగానే, 2025 అక్టోబరులో ఫాబియో పరాటిచిని కూడా తిరిగి తెచ్చుకున్నారు. ఒక కుర్చీలో ఉన్న అధికారం నాలుగు కుర్చీల్లోకి వెళ్ళింది.

అయితే ఆ నాలుగు కుర్చీలూ ఒకరి ఇంట్లోవే. క్లబ్బులో దాదాపు 87 శాతం వాటా ఎనిక్‌ది. ఎనిక్‌లో సుమారు 70 శాతం జో లూయిస్ కుటుంబ ట్రస్టుది, దాదాపు 30 శాతం లెవీ కుటుంబానిది. మళ్ళీ చదవండి. లెవీ కుర్చీ దిగారు, వాటా వదులుకోలేదు. జో లూయిస్ 2022లోనే నియంత్రణ నుంచి తప్పుకున్నారు. ఇప్పుడు చక్రం తిప్పేది ఆయన కూతురు వివియన్ లూయిస్, తరువాతి తరం. 2025 సెప్టెంబరులో కొంటామంటూ వచ్చిన రెండు బృందాలను "అమ్మకానికి లేదు" అని తిప్పి పంపారు. అక్టోబరులో ఎనిక్ నుంచి 100 మిలియన్ పౌన్ల కొత్త మూలధనం దించారు. అప్పుగా కాదు, వాటా మూలధనంగా. ఇది మంచి సూచన. కానీ ఒక్కసారి దించినదాన్ని అలవాటు అనలేం.

నా లెక్కలో కొత్త నాయకత్వం తేల్చాల్సింది ఒకటే. డబ్బు ఎలా సంపాదించాలో ఆ క్లబ్బుకు కొత్తగా ఎవరూ నేర్పనక్కరలేదు. జీతాలకు పోయే ఆ 42 శాతాన్ని 50 దాటించడానికి యజమానులను ఒప్పించే మనిషి వెంకటేశమా కాదా? మిగతావన్నీ పత్రికా ప్రకటనలు. ఇంకో చిక్కు కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఓడితే అరవడానికి ఒక పేరు ఉండేది, స్టేడియం మొత్తం ఆ పేరే అరిచేది. ట్రస్టును ఉద్దేశించి పాట కట్టడం ఎవరివల్లా కాదు.

గోపి (ఆర్సెనల్ మనిషిని, రాళ్ళు వేయకండి)

మీ కొత్త సీఈఓ పధ్నాలుగేళ్ళు మా ఇంటివాడే, కాబట్టి నాలుగు ముక్కలు నేనూ చెప్తాను.

2010లో ఆర్సెనల్‌లో చేరి స్పాన్సర్ల ఒప్పందాల విభాగంలో పైకి వచ్చారు. 2018లో అప్పటి సీఈఓ ఇవాన్ గాజిడిస్ ఇటలీ క్లబ్బు ఏసీ మిలాన్‌కు వెళ్ళినప్పుడు ఆయన పనిని రెండుగా చీల్చారు: ఆట వైపు రౌల్ సన్లేహి, వ్యాపారం వైపు వినయ్. 2020 ఆగస్టులో సన్లేహి పోయారు, మొత్తం భారం వినయ్ మీద పడింది. అప్పుడే కరోనా. ఆటగాళ్ళు ఏప్రిల్‌లో పన్నెండున్నర శాతం జీతం తగ్గించుకోవడానికి ఒప్పుకున్నారు. ఆగస్టులో క్లబ్బు 55 మంది సిబ్బందిని తీసేస్తామని ప్రకటించింది. ఆపైన మా డైనోసార్ వేషం గన్నరసారస్‌లో ఏళ్ళ తరబడి ఉన్న మనిషి ఉద్యోగం కూడా పోయిందని తెలిసి ఊరంతా తిట్టిపోసింది. ఆ మచ్చ ఆయన హయాందే, దాచను. 2021 ఏప్రిల్‌లో పెద్ద క్లబ్బులు కొన్ని విడిగా లీగ్ పెట్టుకోబోయిన సూపర్ లీగ్ నిర్వాకం జరిగింది. అది యజమానుల నిర్ణయం, అయినా అభిమానుల ముందుకు వచ్చి క్షమాపణ చెప్పుకున్నది వినయ్. సంఘాలతో కూర్చుని తిట్లు తినే ఓపిక ఆయనకు ఉంది. చాలామంది సీఈఓలకు అది ఉండదు.

అసలు మెచ్చుకోవలసింది వేరే ఉంది. మా కోచ్ అర్టెటా మొదటి రెండు సీజన్లలోనూ మేము ఎనిమిదో స్థానంలో నిలిచాం. పత్రికలు రోజూ ఆయన్ను తీసేస్తూ ఉండేవి. పైనున్నవాళ్ళు తీయలేదు. పైగా 2020 సెప్టెంబరులోనే హెడ్ కోచ్ పదవి పేరును మేనేజర్‌గా మార్చి అధికారం పెంచారు. 2023లోనూ 2024లోనూ రెండో స్థానంలో నిలిచాం. వినయ్ ఆటగాళ్ళను ఎంచలేదు, ఎంచేవాళ్ళ చేయి లాగలేదు. మీ ఊళ్ళో చేయి లాగేవారే ఎక్కువ కదా!

ఒక చిన్న సంగతి. 2025 ఆగస్టులో ఎబెరెచి ఎజే అనే ఆటగాడు మీ గుమ్మం దాకా వచ్చి మా ఇంట్లో అడుగుపెట్టాడు. అప్పటికే మీ సీఈఓ కుర్చీలో వినయ్ కూర్చుని ఉన్నారు. ఊరికే గుర్తుచేస్తున్నాను.

రామం

గోపి బాబూ, ఉప్పు బాగానే జల్లావు. ఎజే బేరం నాటికి లెవీ ఇంకా ఛైర్మనే. అది కొత్తవారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. నువ్వు చెప్పిన అర్టెటా సంగతి మాత్రం బరువైనదే. కానీ ఓర్పు ఒక్కటే సరిపోలేదు. మీ యజమానులు ఆ కాలంలోనే చేతికి ఎముక లేకుండా ఖర్చు పెట్టారు. డెక్లాన్ రైస్ అనే ఆటగాడు ఒక్కడికే నూరు మిలియన్ల పౌన్ల పైమాట. అప్పుడు వినయ్ పక్కన ఆర్సెనల్ యజమానులైన క్రోంకే కుటుంబం ఉంది కాబట్టి ఆ ఓర్పు ఫలించింది. ఇక్కడ పక్కన ఉన్నది లూయిస్ కుటుంబం. వాళ్ళ గురించి మనకు ఇంతవరకూ తెలిసింది పొదుపే.

వ్యాపారం వైపు ఆయన పనితనం చూడాలంటే ఒక చోటుంది. 2019లో తెరిచిన స్టేడియానికి 2025 దాకా కూడా స్పాన్సర్ పేరు అమ్మలేదు. లెవీ అడిగిన ధర ఎవరూ ఇవ్వలేదు, ఆయన తగ్గలేదు. ఎవర్టన్ క్లబ్బు కొత్త స్టేడియంలో ఇంకా మొదటి లీగ్ ఆట ఆడకముందే దానికి ఒక న్యాయసేవల సంస్థ పేరు తగిలించింది. అటువంటి ఒప్పందాలే కదా వినయ్ ఇంతవరకూ చేసుకొచ్చిన పని? ముందు అది తెమిల్చి చూపిస్తే నేను ఆయనకు ఓటు వేస్తాను.

హరిణి

అందరికీ ధన్యవాదాలు. రామం గారూ, ఆ 42 శాతం సంగతి రేపు మావాళ్ళిద్దరికీ వినిపిస్తాను, ఇద్దరూ తమ పక్షమే గెలిచిందనుకుంటారు. ఇంకొక్క మాట. మా పై అంతస్తులో ఉండే పెద్దాయన స్పర్స్ ఆటలకు దశాబ్దాలుగా వెళ్తున్నారు. టికెట్ రాయితీ పోతుందేమోనని దిగులు పడుతున్నారు. ఇలాంటివి కొత్త సీఈఓ మార్చగలరా?

వనజ

మార్చగలరు. యజమానుల అనుమతి అడగకుండా ఆయన చేయగలిగిన కొద్ది పనుల్లో ఇదొకటి అనుకుంటాను.

కథ ఇది. 2024లో సీజన్ టికెట్ల ధరను 6 శాతం పెంచుతూ, దాంతోపాటు వృద్ధుల రాయితీకి మెల్లమెల్లగా కోత వేస్తామని క్లబ్బు ప్రకటించింది. యాభై అరవై ఏళ్ళుగా వస్తున్నవాళ్ళు భగ్గుమన్నారు. 'సేవ్ అవర్ సీనియర్స్' పేరుతో ఉద్యమం నడిచింది. ఆటకు ముందు ఊరేగింపులు జరిగాయి, ఆట జరుగుతుండగా మైదానానికి వీపు తిప్పి నిలబడ్డవాళ్ళూ ఉన్నారు. 2025-26కు సీజన్ టికెట్ల ధర పెంచలేదు. ఇది ఎంత డబ్బు? ఇంత ఆదాయం ఉన్న క్లబ్బుకు లెక్కలోకి రాని మొత్తం. ముసలివాళ్ళ దగ్గర చిల్లర ఏరుకుని, ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటకు బాణసంచా కాల్చడం నాకు మింగుడుపడదు.

2025 జూలైలో బ్రిటన్‌లో వచ్చిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం మీద ఆశ పెట్టుకోకండి. స్వతంత్ర నియంత్రణ సంస్థ వస్తుంది, క్లబ్బు పేరు, చిహ్నం, రంగులు అభిమానులను కాదని మార్చకుండా అడ్డుపడుతుంది, అభిమానులను సంప్రదించమంటుంది. టికెట్ ఇంత రేటుకే అమ్మమని చెప్పే అధికారం దానికి లేదు.

కాబట్టి ఆ పెద్దాయన్ను అభిమానుల ట్రస్టులో చేరమనండి. క్లబ్బుకు ఫ్యాన్ అడ్వైజరీ బోర్డు కూడా ఉంది. ఎవరో ఒకరు వాళ్ళ ద్వారా ఈ మాట అడుగుతూనే ఉండాలి. పాత ఛైర్మన్ ఉన్నప్పుడు జవాబు ఏమొస్తుందో అడగకముందే తెలిసేది. ఇప్పుడు తెలియదు. అడగడానికి మంచి సమయం ఇదే.

రామం

వనజ గారు చెప్పినదానికి నా వంతు. హరిణి గారూ, జీతాల వాటా మారిందో లేదో మీరే చూసుకోవచ్చు. క్లబ్బు ఖాతాలు కంపెనీస్ హౌస్ (బ్రిటన్ కంపెనీల రిజిస్ట్రీ) వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. మామూలుగా వసంతకాలంలో వస్తాయి. కాకపోతే ఒక మెలిక ఉంది, తొందరపడి తీర్పు చెప్పకండి. క్లబ్బు లెక్కల సంవత్సరం జూన్ 30తో ముగుస్తుంది. 2026 వసంతంలో బయటపడేవి 2025 జూన్ దాకా ఉన్న లెక్కలు, అంటే పూర్తిగా లెవీ హయాంవే. కొత్తవారి హయాం ఎక్కువగా ఉన్న మొదటి ఏడాది పద్దు చేతికి వచ్చేసరికి 2027 వస్తుంది. అప్పుడు 'స్టాఫ్ కాస్ట్స్' అన్న వరుసను 'రెవెన్యూ' అన్న వరుసతో భాగించండి.